మొగిలి ఘాట్లో కుడివైపు అద్దం

కుప్పుస్వామి ముప్పై ఒక్కేళ్ళు చిత్తూరు–పలమనేరు రోడ్డు మీద బస్సు నడిపాడు, ఒక్క కోడిపిల్లనైనా తొక్కలేదు. ఈ మాట ఊరు చెప్పేది కాదు, ఆయనే చెబుతాడు. అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకాస్త ఎక్కువగా చెబుతాడు. బంగారుపాళ్యంలో ఆయన పక్కన నిలబడి టీ తాగినవాడెవడూ కోడిపిల్ల సంగతి వినకుండా గ్లాసు కింద పెట్టి ఎరగడు.

అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందా? మొదటి ఆర్నెల్లు భార్య శకుంతలమ్మను వేపుకు తిన్నాడు. కుక్కరు కూత సరిగా లేదన్నాడు, ఫ్యాను ఎడమకు లాగుతోందన్నాడు. ఆమె ప్రాణం విసిగిపోయింది. అప్పుడు కూతురు కోమలి ఒక ఉపాయం చేసింది. కోమలి చిత్తూరులో ఫ్లెక్సీ బోర్డులకు డిజైన్లు చేస్తుంది. తాను కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొని, పాత కంప్యూటర్ తెచ్చి నాయనకిచ్చింది. దాన్ని గోడ మీది పెద్ద టీవీకి తగిలించి, బస్సు నడిపే గేమొకటి ఎక్కించి, ఆటకు వాడే స్టీరింగూ పెడళ్ళూ అమర్చింది. ఎవరో పుణ్యాత్ములు ఆయన దారిలోని మొగిలి ఘాటు మలుపులన్నిటినీ ఆ గేములో కట్టిపెట్టారు. తెర మీద మొదటి మలుపు కనబడగానే కుప్పుస్వామి కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఆయనకు డ్యూటీ. టీవీకి ఆరడుగుల దూరంలో కూర్చొని, స్టీరింగును తాకి కళ్ళకద్దుకుంటాడు. కుడి అద్దం, ఎడమ అద్దం, లోపలి అద్దం చూసుకుంటాడు. ఇంతా చేసి బండి కదిలించడు. కండక్టరు చెప్పనిదే కదిలించే అలవాటు ఆయన ఒంట్లో లేదు. వంటింట్లోంచి శకుంతలమ్మ "రైట్, రైట్!" అని కేకెయ్యాలి. పోపు మాడుతున్నా సరే, వెయ్యాలి.

"ఈ వయసులో నాకు కండక్టరు ఉద్యోగమిచ్చినాడమ్మా, జీతం ల్యా, సెలవు ల్యా" అని ఆమె ఇరుగమ్మకు చెప్పుకొని నవ్వేది.

గొడవంతా ఆయన కుడికంటి ఆపరేషన్‌తో మొదలైంది. శుక్లం ముదిరిందని డాక్టరమ్మ దాన్ని తీసేసి లెన్సు పెట్టింది. కట్టు విప్పిన రోజున కుప్పుస్వామి హైవే మీదికి పోయి నిలబడి, దూరంగా వస్తున్న మామిడికాయల లారీ నంబరు చదివి, పక్కనున్న నలుగురికీ వినిపించి ఇంటికొచ్చాడు. అంత బాగా వచ్చింది చూపు. ఆ హుషారులోనే స్టీరింగు ముందు కూర్చొని, బండి కదిలించి, వీధి దద్దరిల్లేలా అరిచాడు.

"థూ! ఏందిది? రోడ్డు అంచు రంపం పండ్ల మాదిరి ఉండాది! కరెంటు తీగలు గిలగిలా కొట్టుకుంటా ఉండాయి! అద్దంలో వచ్చేది లారీనో దున్నపోతో తెలీడం ల్యా!"

నిజానికి ఆ బొమ్మ మొదటినుంచీ అంతే. మసకబారిన కంటికి రంపం పళ్ళు కూడా నునుపుగానే కనబడ్డాయి. కన్ను బాగయ్యాక బొమ్మ బండారం బయటపడింది. ఈ సంగతి కుప్పుస్వామికి ఇట్టే అర్థమైంది. వంటింట్లో ఉన్న శకుంతలమ్మకు మాత్రం ఇంకోలా అర్థమైంది. ఆపరేషన్ చేసిన కంటికి రంపం పళ్ళు కనబడుతున్నాయట, తీగలు కొట్టుకుంటున్నాయట. ఆమె విన్నది అంతే.

ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. మొగుడి కన్ను బాగుపడితే తానూ చేయించుకుంటానని డాక్టరమ్మకు మాటిచ్చింది. వచ్చే నెల పద్నాలుగుకు రమ్మని డాక్టరమ్మ చీటీ కూడా రాసిచ్చింది. ఆ సాయంత్రం శకుంతలమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పోపుల డబ్బా వెనక్కు తోసేసింది.

"నాకొద్దు. ఉండే మసక చూపే చాలు" అంది.

"మేయ్, తప్పు కంటిది కాదే, బొమ్మది!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ మాట. అంత బాగుంటే ఈ సూదిలో దారమెక్కించు, సూస్తా."

ఎక్కించలేకపోయాడు. దూరం చూపు ఎంత బాగున్నా దగ్గరి చూపుకు అద్దాలు కావాలనీ, వాటికి నెలరోజులు ఆగాలనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ సంగతి ఆయన పదిసార్లు చెప్పినా చెవిటివాని ముందు శంఖమూదినట్టే అయింది. సూది శకుంతలమ్మ చేతిలో ఉంది, దారం నేల మీద పడి ఉంది. ఆమెకు ఇంకే సాక్ష్యం కావాలి?

ఆ తర్వాత కుప్పుస్వామి ఇంట్లో కొన్ని సంగతులు గమనించాడు. ఇన్నాళ్ళూ ఆయన కంటికీ మసకే కాబట్టి అవేవీ కనబడలేదు. శకుంతలమ్మ బియ్యంలో రాళ్ళు చూసి ఏరడం లేదు, వేళ్ళతో తడిమి ఏరుతోంది. గడప దాటే ముందు బొటనవేలితో మెట్టు ఎక్కడుందో వెతుక్కుంటోంది. వాకిట్లో ముగ్గు గీతలు ఒకదానికొకటి కలవడం లేదు. ఒకరోజు పొయ్యి మీద గిన్నె ఉందనుకొని ఖాళీ బండ మీద పాలు పోసింది. పోసి, గుడ్డతో తుడుచుకుంటూ తనలో తానే నవ్వుకుంది.

కుప్పుస్వామికి నవ్వు రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన జారిన నోరే ఆమె కళ్ళకు అడ్డం పడింది. ముప్పై ఒక్కేళ్ళు ఘాటు ఎక్కి దిగినా ఎరగని భయం ఆ పాలు చూసినప్పుడు ఆయనకు పట్టుకుంది.

కానీ భయపడి మూల కూర్చునే రకం కాదాయన. ఆ ఆదివారం కోమలి వస్తే అడిగాడు.

"పాపా, ఈ బొమ్మ బాగయ్యేదానికి ఏం చెయ్యాల?"

"గ్రాఫిక్స్ కార్డు మార్చాల నాయనా. బొమ్మలు గీసేది అదే. దీంట్లో ఉండేది చిన్నది, నా ఫ్లెక్సీలకు సరిపోయింది. నీ ఘాటుకు చాలదు."

"బొమ్మ బాగైతే నేను తిట్టను. నేను తిట్టకపోతే మీయమ్మ కంటి డాక్టరు కాడికి వస్తాది. ఎక్కడ దొరుకుతాది ఆ కార్డు?"

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ పెట్టెను తువ్వాలులో చుట్టి, చంకన పెట్టుకొని, స్టీరింగునూ పెడళ్ళనూ సంచీలో వేసుకొని చిత్తూరు బస్సెక్కాడు. చర్చి వీధిలో ప్రసన్నకుమారి కొట్టు కోమలి చెప్పిన గుర్తుల ప్రకారమే దొరికింది. ప్రసన్నకుమారి పదిహేనేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్న మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు దించకుండానే మాట్లాడుతుంది.

"ఏం కావాలన్నా? మనవడికా?"

"మనవడు ల్యా, మన్ను ల్యా. నాకే. మొగిలి ఘాట్లో, వానలో బస్సు నడుపుతా ఉంటే, కుడివైపు అద్దంలో వెనకబండి నంబరు కనపడాల. అట్టాంటి కార్డియ్యి."

ప్రసన్నకుమారి స్క్రూడ్రైవరు కింద పెట్టింది. వచ్చినవాళ్ళందరూ ఎంత వేగం, ఎన్ని ఫ్రేములు అని అడిగేవాళ్ళే. అద్దంలో నంబరు కనబడాలని అడిగినవాణ్ణి ఆమె అంతకు ముందు చూడలేదు. పెట్టె మూత తీసి లోపలికి చూసింది.

"దీనికి కరెంటిచ్చే సప్లయి చిన్నదన్నా. మరీ పెద్ద కార్డు పెడితే తట్టుకోలేదు."

"తెలుసులేమ్మా. లారీ ఇంజను తెచ్చి ఆటోలో పెడితే ఏమవుతాది? ఈ పెట్టెకు తగిందే సూపించు."

ఆమె రెండు కార్డులు తీసి అద్దాల బల్ల మీద పెట్టింది. ధరలో రెండూ ఇంచుమించు ఒకటే. మొదటిది వేగమైనది, మెమరీ ఎనిమిది జీబీ. రెండోది కాస్త నిదానం, మెమరీ మాత్రం పన్నెండు.

"అందరూ మొదటిదే తీసకపోతారన్నా. వేగంలో దీన్ని కొట్టేది ల్యా."

"వేగం నాకెందుకమ్మా? ఘాట్లో ముప్పై దాటితే నా కాలే నన్ను తిడతాది. రంపం పండ్లు పోతాయా, అది చెప్పు."

"పోతాయి. బొమ్మను లోపల రెండింతలు పెద్దగా గీసి, కుదించి సూపించమని గేముకు చెప్తే అంచులు నున్నగా వస్తాయి. రెండు కార్డులూ ఆ పని చేస్తాయి."

మొదటి కార్డు బిగించి, కొట్లో ఉన్న పెద్ద తెరకు తగిలించింది. కుప్పుస్వామి కుర్చీని వెనక్కు, ఇంకా వెనక్కు లాక్కొని వీధి మెట్టు మీద వేసుకున్నాడు. ఇంట్లో ఎంత దూరమో ఇక్కడా అంతే దూరం ఉండాలన్నాడు. స్టీరింగును స్టూలుకు బిగించాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చూడనీ, ఆయనకేం! కొట్లో కార్డులు రెండున్నా ఆయన ధ్యాస ఒకదాని మీదే ఉంది, ఉప్పూకారం అంటిన ఆ చీటీ మీద.

తెర వెలిగింది. రోడ్డు అంచు తిన్నగా ఉంది. తీగలు కదలకుండా నిలబడ్డాయి. ప్రసన్నకుమారి అట్టపెట్టె అందుకుంది.

"ప్యాక్ చేసేదా అన్నా?"

"తొందరేందమ్మా? ఇది మైదానం రోడ్డు. ఖాళీ బండిని మైదానంలో ఎవురైనా నడుపుతారు. లోడెత్తి ఘాటెక్కిస్తే కదా దాని గుణం బయటపడేది! వాన పెట్టు. రోడ్డు నిండా బండ్లు పెట్టు. అద్దాల్లో బొమ్మ ఎంత బాగా సూపించగలదో అంతా సూపించమను."

ఆమె అన్నీ పెట్టింది. అయినా ఆయన కదలడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

"నడపన్నా, ఏమాయ?"

"ఎవురైనా రైట్ చెప్పాల."

ప్రసన్నకుమారి పకపకా నవ్వింది. నవ్వి, గొంతు సవరించుకొని, "రైట్, రైట్!" అంది.

బండి ఘాటెక్కింది. ఒక మలుపు, రెండు మలుపులు, నాలుగు. వాన కురుస్తోంది, వైపరు ఊగుతోంది, అంతా బాగుంది. ఆరో మలుపు దగ్గర కుప్పుస్వామి బ్రేకు తొక్కాడు.

"కుడి అద్దం సూడు."

"ఏముండాదన్నా? బాగనే ఉండాదే."

"వెనక లారీ నంబరు కరిగిపోయింది. ఇందాక ఉన్నింది. ఇప్పుడు ముద్దైపోయింది."

ఆమె తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూసింది. నిజమే, నంబరు పలక మీద అంకెలు లేవు, తెల్లటి మరక ఉంది. ఆమె చూస్తుండగానే కొండరాళ్ళు కూడా పిండిముద్దల్లా మెత్తబడ్డాయి, బొమ్మ ఒక్కసారి తడబడి మళ్ళీ కదిలింది. మెమరీ ఎంత వాడుతోందో చూసి నాలుక కరుచుకుంది.

"నిండిపోయిందన్నా. రెండింతల బొమ్మ, వాన, అన్ని అద్దాలు! ఎనిమిది చాల్లేదు. చోటు ల్యాక బొమ్మలను పలచన చేసేస్తా ఉండాది."

"ఇంజను మంచిదే, సీట్లు తక్కువ. రెండోది పెట్టు."

రెండోది పెట్టారు. బండి మునుపటంత చురుగ్గా లేదు, కాస్త నింపాదిగా కదిలింది. పాత బస్సు కూడా అలాగే కదిలేది కాబట్టి ఆయనకు అది తప్పుగా తోచలేదు. ఆరో మలుపు దాటింది, పదోది దాటింది, ఘాటంతా ఎక్కి పలమనేరు వైపు చల్లటి రోడ్డు మీద పడింది. అరగంట నడిపాడు. అద్దంలో నంబరు చెక్కుచెదరలేదు. వీధి మెట్టు మీద నుంచి దాన్ని గట్టిగా చదివి వినిపించాడు.

"ఇదీ నా బండి!" అన్నాడు.

ప్రసన్నకుమారి కార్డు వంక చూడలేదు, ఆయన వంక చూసింది. "పొద్దస్తమానం స్క్రీన్లు సూసేదాన్ని నేను. నాకు కనపళ్ళా. నీకు ఆ మెట్టు మీంచి ఎట్ల కనపడిందన్నా?"

"ఆపరేషన్ చేసిన కన్నమ్మా ఇది! ఆపరేషన్ చేసిన కన్ను!" అన్నాడు కుప్పుస్వామి, వీధి చివరిదాకా వినబడేటట్టు. అని, అప్పటికప్పుడు ఇంటికి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు. "ఇదే మాట మా ఇంటామెకు చెప్పు తల్లీ."

ప్రసన్నకుమారి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల శకుంతలమ్మ అంతా విని, "నువ్వు సరుకు అమ్ముకోవాల కదమ్మా, అట్ల చెప్పక ఏం చేస్తావు?" అని ఫోను పెట్టేసింది.

తిరుగు బస్సులో దారి పొడుగునా కుప్పుస్వామి భార్యకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. నంబరు సంగతి ముందు చెప్పాలి, మెట్టు సంగతి తర్వాత, కోడిపిల్లను ఎక్కడో ఒకచోట ఇరికించాలి. ఒప్పించకపోతే తన పేరు కుప్పుస్వామే కాదు.

ఇంటికి చేరి, కోమలి ఫోనులో చెబుతుంటే తీగలు తగిలించేసరికి నాలుగున్నరైంది. స్టీరింగును కళ్ళకద్దుకున్నాడు. వంటింట్లోంచి "రైట్" అని ఒక్క మాట వచ్చింది, నీరసంగా. బండి కదిలాక ఆమె పొయ్యి కట్టేసి వచ్చి, ఆయన కుర్చీ పక్కన గోడకానుకొని నేల మీద కూర్చుంది. ఆమెకు తెర మీద పచ్చగా, తెల్లగా ఏదో కదులుతున్నట్టు కనిపించి ఉంటుంది, అంతకు మించి ఏమీ కనిపించదు.

మాటలు మొదలుపెట్టడానికి ఇదే సమయమనుకున్నాడు కుప్పుస్వామి. అంతలో ఘాటు వచ్చింది. వాన తడికి రోడ్డు మెరుస్తోంది, ముందు ట్రాక్టరు నత్తలా పాకుతోంది, వెనక లారీ హారను కొడుతోంది. ఆయన కూర్చుకున్న మాటలన్నీ ఆ మలుపుల్లోనే ఎక్కడో జారిపోయాయి. ఒక్క మాట లేకుండా నడిపాడు. పావుగంటైంది, ఇరవై నిమిషాలైంది.

శకుంతలమ్మ మనసులో ఏముందో ఆయనకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. ముప్పై ఒక్కేళ్ళు ఆమె ఏ బస్సునూ కళ్ళతో చూసి మంచిదో చెడ్డదో చెప్పలేదు, మొగుడి నోటిని బట్టే చెప్పేది. బ్రేకు మెత్తగా ఉన్నా, వైపరు తుడవకపోయినా ఆయన కాళ్ళు కడుక్కోకముందే తిట్లు మొదలయ్యేవి. బండి బాగున్న రోజున మాట్లాడకుండా తిని, ఇంకో సంగటి ముద్ద వెయ్యమనేవాడు. తప్పు కనబడితే నోరు మూసుకొని ఉండడం ఆయన వల్ల కాదు. ఆయన మాట నమ్మకపోయినా ఆయన గమ్మున ఉండడాన్ని ఆమె నమ్ముతుంది.

"ఏమయ్యా, తీగలు కొట్టుకోవడం ల్యా?" అని అడిగింది కాసేపటికి.

"ఏం తీగలు?" అన్నాడాయన, మలుపు తిప్పుతూ, తల తిప్పకుండా.

ఆమె గోడ పట్టుకొని లేచి వంటింట్లోకి పోయింది. డబ్బాలు కదిలిన చప్పుడైంది. తిరిగొచ్చి, మడతల చీటీ ఆయన ముందుకు చాపింది.

"పద్నాలుగే కదా రాసిచ్చినారు? సదువు."

కుప్పుస్వామి బండిని పక్కకు తీసి ఆపాడు. చీటీ అందుకొని, దగ్గర పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతే, చెయ్యంత దూరం చాపి చదివాడు. "పద్నాలుగు. పొద్దున తొమ్మిదికి." ఆ మాట చెబుతుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆపరేషన్ చేసిన కన్ను నెలరోజులు తడపొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ గడువు ముందురోజే దాటిపోయింది కాబట్టి బతికిపోయాడు.

పద్నాలుగున ఒక కంటికి ఆపరేషన్ జరిగింది, మర్నాడు కట్టు విప్పారు. శకుంతలమ్మ ఇంటికొచ్చి ముందు వాకిలి చూసి, ఇన్నాళ్ళూ తాను వేసిన ముగ్గు చూసి సిగ్గుపడి, వెంటనే చెరిపేసింది. వంగొద్దన్నారని కోమలి కేకలేస్తే, ఆమె చేతే మళ్ళీ వేయించుకుంది.

వారం తర్వాత ఒక సాయంత్రం నాలుగున్నరకు, వంటింట్లో కాకుండా, కుప్పుస్వామి కుడిపక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. తెర వెలిగింది. ఆమె తల అటూ ఇటూ వాల్చి చూసింది.

"దీనికా నువ్వు ఇంత మురిసిపోయింది? ఆ చింతచెట్టు ఆకులు సూడు, జిగురేసి అంటించినట్టుండాయి. ఆ రోడ్డు మీద వొస్తా ఉండే ఆమెకు నీడే ల్యా."

"ఓహో, వచ్చినాదమ్మా పెద్ద ఇన్‌స్పెక్టరు! రైట్ చెప్పు, నాకు టైమవుతా ఉండాది."

"రైట్" అంది.

ఆయన క్లచ్చి వదిలాడు. చక్రం ఇంకా సగం తిరగలేదు.

"హోల్డాన్! హోల్డాన్!" అని శకుంతలమ్మ ఆయన భుజం మీద చరిచింది.

కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. కుడిపక్క నుంచి పాలక్యాన్లు కట్టుకున్న మోటారు సైకిలొకటి, బస్సును రాసుకుంటున్నట్టుగా, జుయ్యిమని దూసుకుపోయింది.

"అద్దంలో అంత పెద్ద బండి వస్తా ఉంటే కనపళ్ళేదా? కోడిపిల్ల కాదు, మనిషే పోయుండు!"

కుప్పుస్వామి కన్ను బాగానే ఉంది, కార్డు బాగానే ఉంది, అద్దంలో నంబరుతో సహా కనబడుతుంది. చూడాల్సిన సమయంలో ఆయన అద్దం చూడలేదు, ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు. ఆ మాట పైకి చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది.

"నువ్వే సూసి చెప్పు. నువ్వు చెప్తేనే కదులుతా" అన్నాడు.

శకుంతలమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది. కుడి అద్దం చూసింది, ఎడమ అద్దం చూసింది, లోపలి అద్దం చూసి, మళ్ళీ ఒకసారి కుడి అద్దం చూసి, అప్పుడు చెప్పింది.

"రైట్, రైట్!"